నీలాలవలస, రెండు వందల మాటల్లో

మండలం నుంచి ఒక కాగితం వచ్చింది:
గ్రామ చరిత్ర, వారసత్వ సంపద,
రెండు వందల మాటలకు మించరాదు,
శుక్రవారం సాయంత్రం అయిదులోగా.
'పురాతన కట్టడాలు' అన్న గడిలో
నాకంటే ముందున్నాయన
పెన్సిలుతో 'లేవు' అని రాసి
బదిలీ అయిపోయాడు.

సచివాలయానికి తాళం వేసి
బొబ్బిలి పోయే రోడ్డు దాటి
గోగునార ఆరేసిన గట్టు మీదుగా నడిచాను.
వేగావతిలో నీళ్లు చీలమండ దాకా.
నానేసిన కట్టల కంపు
చున్నీలో దూరి నాతోపాటే ఊళ్లోకొచ్చింది.

మరడాన సూరిదేముడు ముందు నన్ను
జీడితోట వెనక్కి తీసుకెళ్లాడు.
నాలుగు సున్నపు తొట్లు, పగిలిన అంచుల్లో తుమ్మమొక్కలు.
"ఇవేటనుకున్నావు? నీలిమందు తొట్లు.
మా తాతకి తాత మోకాళ్ల దాకా దిగి తొక్కీవోడంట.
నాలుగు తరాలు, పుట్టిన గుంటలకి
అరికాళ్లు నీలంగానే ఉండీవంట."
నేను నమ్మలేదు. ఆయనా నమ్మలేదు.
ఇద్దరం కాసేపు తొట్టి అడుగుకేసి చూశాం.
అక్కడ ఒక తొండ ఉంది. రంగు మామూలుదే.

"ఏ సంవత్సరం?" అంటే
"పెద్ద కరువుకి ముందు" అన్నాడు.
"ఏ కరువు?"
"తేగలు కూడా దొరకని కరువు."
కాగితం మీద సంవత్సరానికి నాలుగు గళ్లున్నాయి.
తేగలు పట్టవు.

దిగువ వీధిలో ఎస్తేరమ్మ.
పెంకుల చర్చి, ముందు రెండు తాటి దూలాలు,
మధ్యన గంట.
గంట చుట్టూ ముళ్లతీగలాంటి అక్షరాలు.
ఊళ్లో ఒక్కరికీ చదవరావు,
వీధి పిల్లలంతా దూలమెక్కి వాటిని వేళ్లతో తడిమే పెరిగారు.

"జెర్మనీ దొర తెచ్చినాడు. ఆడి ఊరి పేరంట అది.
ఆ ఊరూ మనూరంతే, ఎనభై కొంపలు,
ఆవులు, పేడ, ఎప్పుడూ వానే.
జంట గంటలు పోయించినారంట, అక్కా సెల్లెళ్లు.
అక్క ఆడే ఉండిపోనాది.
సెల్లి ఓడెక్కి, బీమిలి రేవులో దిగి
ఎడ్లబండి మీద ఈడికొచ్చినాది
అత్తోరింటికొచ్చినట్టు."

"మరి అక్క?"

"యుద్ధం వొచ్చిందని కరిగించీసినారంట.
పిరంగి సేసీసినారు."
చుట్టాలింట్లో చావు చెప్పినట్టు చెప్పి
కొంగుతో గంట అంచు తుడిచింది.

పై వీధి వాళ్లకి ఆ మోత పడదని
ఒకప్పుడు గంటకి గోనెపట్టా చుట్టించారట.
నేను రాసుకోబోతుంటే
సూరిదేముడు దగ్గాడు.
రాసుకున్నాను.

వేగావతి కట్ట తెగిన రాత్రి
ఎస్తేరమ్మ నాన్న, గుంప దానియేలు,
మెడలోతు నీళ్లలో నిలబడి, తాడు తెగిపోతే
రోకలితో కొట్టాడట తెల్లారే దాకా.
కన్ను కానరాని ఆ వానలో
పై వీధీ, దిగువ వీధీ
మోత పట్టుకునే మెరక మీదికి ఎక్కాయి,
తల్లి చంకలో ఆరు నెలల సూరిదేముడితో సహా.
ఆ దెబ్బలకే గంట చీలింది.
"ఇప్పుడు కొడితే డబ్బా మోతే" నవ్వింది ఎస్తేరమ్మ.
సూరిదేముడు నవ్వలేదు.
వెళ్లి తాడు ముడి సరిగా ఉందో లేదో చూశాడు.

రాత్రి లెక్కపెట్టాను. ఆరు వందల పన్నెండు మాటలు.
తొట్లు తీసేశాను. కరువు తీసేశాను.
తొండని తీసేసి, మళ్లీ పెట్టాను.
గోనెపట్టాని మాత్రం ముట్టుకోలేదు.
'లేవు'ని రబ్బరుతో చెరిపితే
కాగితం కొంచెం చిరిగింది.
చిరుగు పక్కన రాశాను:
గంట ఒకటి. చీలినది. మోగుతుంది.

పొద్దున్నే వేలిముద్రకి వెళ్తే
ఎస్తేరమ్మ కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని
చాలాసేపు చూసింది.
"ఆ అక్క ఊళ్లో కూడా
నీలాంటి గుంటెవరో ఇలాగే
కాయితం పట్టుకు తిరుగుతుంటాదేటి?"
"తిరుగుతుండొచ్చు."
"మరయితే రాసీ.
సెల్లికి కొంచెం గొంతు పోనాది గానీ
బాగానే ఉందని."